నోటు చిరిగాక మిగిలే బాకీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాపం, క్షమాపణ, విడుదల గురించి జంటనగరాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు. పేర్లు తీసేశాం, కొన్ని ఉత్తరాలను కుదించాం. బైబిలు వాక్యాలు మన చర్చిల్లో చదివే పాత తెలుగు అనువాదంలోవి.

ప్రశ్న: ఉప్పల్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తాను. జీతం 22 వేలు. మూడేళ్లలో బిల్లులు అటూ ఇటూ చేసి కొంచెం కొంచెంగా డబ్బు తీసుకున్నాను. పోయిన ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నాను. దేవుడు క్షమించాడన్న నమ్మకం ఉంది. మా సంఘంలో ఒక పెద్దాయనకు చెబితే "దేవుడే మరచిపోయాడు, నువ్వెందుకు తవ్వుకుంటావు" అన్నారు. కానీ సేటు ఎదురుగా కూర్చున్నప్పుడల్లా గొంతు పట్టేస్తోంది. లెక్క తీస్తే 86 వేలు తేలింది. ఏం చేయమంటారు?

జవాబు: పెద్దాయన చెప్పిన మాటలో సగం నిజం ఉంది. మీరు ఇద్దరికి బాకీ పడ్డారు. దేవుడు తన బాకీ కొట్టేశాడు. సేటు బాకీని సేటు తరఫున కొట్టేస్తానని ఆయన ఎక్కడా అనలేదు.

సంఖ్యాకాండం 5వ అధ్యాయం 6, 7 వచనాలు తీయండి. పొరుగువాడికి నష్టం చేసినవాడు ముందు తన పాపం ఒప్పుకోవాలి, తర్వాత అసలు మొత్తం ఇవ్వాలి, దాని మీద ఐదో వంతు కలపాలి. లేవీయకాండం 6వ అధ్యాయం మొదట్లోనూ ఇదే లెక్క. మీ విషయంలో 86,000కు ఐదో వంతు 17,200. మొత్తం 1,03,200. అదే దొరికిపోయిన దొంగకైతే నిర్గమకాండం 22లో లెక్క వేరు. గొర్రె ప్రాణంతో దొరికితే రెండింతలు, కోసినా అమ్మినా నాలుగింతలు, ఎద్దయితే ఐదింతలు. పట్టుబడకముందే నోరు విప్పినవాడి మీద ధర్మశాస్త్రం ఎంత తక్కువ వేసిందో చూశారా!

ఈ ఐదో వంతు క్రైస్తవుడికి చట్టమా అంటే, కాదు. ఇశ్రాయేలు దేశపు శిక్షాస్మృతి మనకు అక్షరాలా వర్తించదు. అయినా ఒక కొలతగా పనికొస్తుంది. ఆ డబ్బు సేటు దగ్గరే ఉంటే మూడేళ్లలో తిప్పుకునేవాడు కదా, ఆ నష్టం కూడా మీదే.

ఇక్కడ పన్నులు వసూలు చేసే జక్కయ్య గుర్తుకు రావాలి. ఆయన స్వయంగా ఒప్పుకున్నవాడే, 20 శాతంతో సరిపోయేది. తనకు తాను దొంగ రేటు వేసుకుని నాలుగింతలన్నాడు, పైగా ఆస్తిలో సగం బీదలకన్నాడు. లూకా 19లో వరస గమనించండి. యేసు "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నది 5వ వచనంలో. జక్కయ్య డబ్బు మాట ఎత్తింది 8వ వచనంలో. ముందు కట్టు, తర్వాత భోజనానికి వస్తానని ఆయన అనలేదు. మీరు కట్టబోయే 1,03,200 కూడా క్షమాపణకు ధర కాదు. క్షమాపణ ముందే వచ్చింది, ఇది దాని తర్వాతి పని. ఈ వరస తిరగబడితే రెండు ప్రమాదాలున్నాయి. కట్టలేకపోతే నిరాశలో పడతారు, కట్టేస్తే గర్వం వస్తుంది.

ఇక ఎలా వెళ్లాలి. తేదీలు గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాయండి, అనుమానంగా ఉన్నచోట ఎక్కువ వైపే వేయండి. సేటు ఒంటరిగా ఉన్న సమయం అడిగి వెళ్లండి. వాట్సాప్‌లో పంపొద్దు. "ఏమైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించండి" అనొద్దు, అది ఒప్పుకోలు కాదు. "ఫలానా నుంచి ఫలానా వరకు మీ డబ్బు 86 వేలు తీసుకున్నాను" అని అంకెతో సహా అనండి. ఇల్లు ఇబ్బందుల్లో ఉందనో జీతం చాలలేదనో చెప్పొద్దు. చాలకపోయి ఉండొచ్చు, కానీ ఆ మాట ఆ రోజు వద్దు. మొదటి వాయిదా చేతిలో పెట్టండి. నెలకు 4,300 చొప్పున 24 నెలల్లో తీరుతుంది. మీ జీతంలో అది ఐదో వంతుకు కాస్త తక్కువ, కష్టమైనా మోయగలిగిందే. కోయలేని కొమ్మకు నిచ్చెన వేయకండి. ఆర్నెల్లలో కట్టేస్తానని మూడో నెలలో చేతులెత్తేస్తే రెండో అబద్ధం అవుతుంది.

ఉద్యోగం పోవచ్చు. సేటు పోలీసులకు చెప్పొచ్చు, నమ్మకద్రోహం కింద కేసు కావచ్చు, అది ఆయన హక్కు. వెళ్లేముందు ఒక లాయరును కలవడంలో తప్పులేదు. ఏం జరగొచ్చో తెలిసి వెళ్లడం వేరు, తప్పించుకునే దారి వెతకడం వేరు.

ఇంకో సంగతి. పేరు లేకుండా కవరులో డబ్బు పెట్టి పంపేద్దామని చాలామందికి అనిపిస్తుంది. ఆ తేడా మీద షాపులో ఇంకెవరినైనా అనుమానించి ఉంటే, డబ్బు తిరిగొచ్చినా ఆ మనిషి పేరు తిరిగిరాదు. అలాంటివాళ్లుంటే వాళ్ల దగ్గరికీ వెళ్లాలి. ఆ సొమ్మును మందిరంలో కానుకగా వేస్తానంటే మాత్రం ఒప్పుకోం. అది సేటు డబ్బు, మీరు కానుకగా ఇవ్వడానికి మీది కాదు. సేటు లేకపోతే దగ్గరి బంధువుకు, వాళ్లూ లేకపోతేనే యాజకుడికి అని సంఖ్యాకాండం 5వ అధ్యాయం 8వ వచనం చెబుతుంది.

ప్రశ్న: మల్కాజిగిరిలో మా పక్కింటి పిన్నిగారు పూజలు బాగా చేస్తారు, మంచి మనిషి. మొన్న మాటల్లో "మీకేమమ్మా, ఆదివారం చర్చిలో ఒప్పేసుకుంటే అయిపోయె. మేమైతే చేసింది అనుభవించాల్సిందే" అన్నారు. నాకు జవాబు తోచలేదు. నిజంగానే మనది అంత సులువా?

జవాబు: ఆవిడ అన్నది పెద్ద ప్రశ్న, నవ్వుతూ అడిగారంతే. తెలుగులో "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని ఊరికే పుట్టలేదు. తప్పుకు ఫలం ఉండి తీరాలన్నది న్యాయమైన ఆలోచన. బైబిలూ దాన్ని కొట్టిపారేయలేదు. "మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును" అన్నది గలతీ పత్రికలోని మాటే.

సులువా అన్నదానికి ఒక ప్రామిసరీ నోటు చూద్దాం. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేసి, లక్ష రూపాయలకు మీరు రాసిచ్చారు. కొంత కట్టినప్పుడల్లా వెనక చెల్లు వేయించుకుంటారు. ఒకరోజు అప్పిచ్చినాయన ఆ నోటు తీసి మీ ముందే చింపేశాడు. మీకు సులువే. మరి లక్ష ఎటు పోయింది? గాల్లో కలవలేదు, ఆయన జేబులోంచి పోయింది. క్షమించడమంటే ఆ నష్టం తానే మోయడం. కొలస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 14వ వచనంలో "మనమీద ఋణముగా" ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టాడని ఉంది. అక్కడ గ్రీకులో వాడిన మాటకు అప్పు తీసుకున్నవాడు స్వహస్తాలతో రాసిచ్చిన కాగితం అని అర్థం, అచ్చంగా మన నోటే. "సమాప్తమైనది" అన్న సిలువ మాటకు పాత రసీదుల మీద "పూర్తిగా చెల్లు" అని వేసే ముద్ర అర్థమని ప్రసంగాల్లో తరచూ వింటుంటాం. దానికి ఆధారం అంత గట్టిది కాదు. నెరవేరింది అన్న మామూలు అర్థం చాలు. కొలస్సయి వచనం ఉండగా ఆ రసీదు మీద ఆనుకోవాల్సిన పని లేదు.

కాబట్టి పిన్నిగారితో "మాకు సులువే పిన్నిగారూ, ఆయనకే కాదు" అనొచ్చు.

అయితే మీరు గెలిచినట్టు మాట్లాడకండి. దయ కోసం మొరపెట్టుకోవడం వాళ్లకు తెలియని సంగతి కాదు. గోల్కొండ ఖైదులో రామదాసు పాడుకున్నదంతా ఆ మొరే కదా. తేడా ఎక్కడంటే, ఆ బాకీని దేవుడే ఒక రోజున, ఒక చోట, రోమా అధిపతి పొంతి పిలాతు కాలంలో మోశాడని మనం నమ్ముతాం.

ఇక ఆవిడ మాటలో మనకు తగలాల్సిన ముల్లు ఒకటుంది. ఆదివారం ఒప్పుకుని సోమవారం అదే పని చేసేవాళ్లను చూసే ఆవిడ అలా అన్నారేమో. ఈ ప్రశ్న పౌలుకే ఎదురైంది: "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు." రోమా 6 అంతా దానికి జవాబే. దాని చివరి వచనంలో పాపం ఇచ్చేది జీతం, దేవుడిచ్చేది వరం. గ్రీకులో ఆ జీతం అన్న మాట సైనికుల బత్తేనికి వాడేది. ఏ దొర కింద పనిచేస్తే ఆ దొర బత్తెం. నోటు చింపించుకున్నవాడు మళ్లీ అదే దొర దగ్గరికి బత్తేనికి వెళ్తున్నాడంటే క్షమాపణను కాదు, కాగితాన్ని మాత్రమే అందుకున్నాడన్నమాట. పైగా క్షమాపణ పొందినా ఫలితాలు మాయం కావు. "నీవు చావకుండునట్లు యెహోవా నీ పాపమును పరిహరించెను" అని ప్రవక్త నాతాను చెప్పిన తర్వాత కూడా దావీదు ఇంటిని కత్తి విడవలేదు.

అన్నట్టు, తెలుగులో ఎవరైనా పడిపోతే "అయ్యో పాపం" అంటాం. నేరానికీ జాలికీ ఒకే మాట. ఆ ముచ్చట పిన్నిగారికీ నచ్చుతుంది, చెప్పి చూడండి.

ప్రశ్న: మెహదీపట్నం నుంచి. మాది సీఎస్‌ఐ, మా ఆయనది కాథలిక్కు కుటుంబం. ఆయన గురువుగారి దగ్గర పాపసంకీర్తనానికి, అంటే పాపాలు చెప్పి ఒప్పుకోవడానికి, వెళ్తారు. దేవుడికి నేరుగా చెప్పుకుంటే చాలదా? చిన్న పాపం, పెద్ద పాపం అని వాళ్లు విడదీయడం కూడా నాకు అర్థం కాదు.

జవాబు: మీరు పెద్ద పాపం అన్నదాన్ని కాథలిక్కులు మరణకరమైన పాపం అంటారు, దానికి మూడు షరతులు చెబుతారు: విషయం గంభీరమైనదై ఉండాలి, అది తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, కావాలని చేసి ఉండాలి. మూడూ కలిస్తేనే. ఒకటి తగ్గినా అది ఆ కోవలోకి రాదు. ఈ విభజనకు 1 యోహాను 5:16, 17 చూపిస్తారు. సంకీర్తనంలో ఆత్మపరిశీలన, దుఃఖం, ఇక చేయనన్న నిర్ణయం, గురువు ముందు చెప్పడం, ఆయన ఇచ్చిన ప్రాయశ్చిత్తం నెరవేర్చడం ఉంటాయి. విన్నది గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. క్షమించేది దేవుడే, యోహాను 20:23 ప్రకారం ఆ మాట పలికే అధికారం సంఘానికి ఇచ్చాడన్నది వాళ్ల విశ్వాసం.

మీ సీఎస్‌ఐ ఆరాధనక్రమంలోనూ అందరూ కలిసి ఒప్పుకోవడం, తర్వాత అయ్యగారు క్షమాపణ వాక్యం పలకడం ఉన్నాయి. నేరుగా దేవుడికి చెప్పుకుంటే చాలు, 1 యోహాను 1:9 ఉంది. కానీ "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16 కూడా ఉంది, మనవాళ్లు దాన్ని చదివి పేజీ తిప్పేస్తారు. చీకట్లో దేవుడికి మాత్రమే చెప్పిన పాపం, ఒక మనిషి మొహం చూసి చెప్పిన పాపం ఒకటేలా ఉండవు. ఆ విషయంలో మీ ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. ఇక క్రియలా, కృపా అన్న పాత గొడవలో కాథలిక్కులూ లూథరన్లూ 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మన అర్హత వల్ల కాక కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని అందులో ఉంది. మెథడిస్టులు 2006లో కలిశారు. మీ ఇంట్లో ఆ యుద్ధం కొనసాగించాల్సిన పని లేదు.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు నేర్చుకుంటున్నాను. క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో ఫీజు డబ్బులతో కలిపి 1,40,000 పోగొట్టాను. అందులో లోన్ యాప్‌ల అప్పు కూడా ఉంది. ఉపవాస ప్రార్థనలో నాలుగుసార్లు ఒట్టు పెట్టుకున్నా, నాలుగుసార్లూ తప్పాను. నాకసలు రక్షణ లేదేమోనని భయం. ఫ్రెండ్స్ ఏమో "చర్చి మానెయ్ రా, ఫ్రీగా బతుకు" అంటున్నారు.

జవాబు: తమ్ముడూ, ముందు ఫ్రెండ్స్ మాట. రాత్రి పన్నెండుకు చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంటే ఎవరు ఫ్రీ? "పాపము చేయు ప్రతివాడును పాపమునకు దాసుడు" అని యోహాను 8:34. దానికి ముందు వచనంలోనే యూదులు మేమెప్పుడూ ఎవరికీ దాసులం కాలేదన్నారు. ఐగుప్తు, బబులోను దాస్యాలు అయిపోయి, రోము సైన్యం వీధుల్లో తిరుగుతుండగా అన్నారు.

పూర్వకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను ఈ సంగతి మీద చెప్పినదాన్ని నాలుగు దశలుగా విడదీస్తారు. మొదట ఆదాముకు పాపం చేయగల శక్తీ ఉంది, చేయకుండా ఉండగల శక్తీ ఉంది. పడిపోయాక మనిషి పాపం చేయకుండా ఉండలేని స్థితికి వచ్చాడు. కృప కిందికి వచ్చాక చేయకుండా ఉండటం మళ్లీ సాధ్యమవుతుంది. పరలోకంలో పాపం చేయలేని స్థితి. ఆ చివరి దశే అన్నిటికన్నా గొప్ప స్వేచ్ఛ అన్నాడాయన. ఫ్రెండ్స్ లెక్కలో "చేయలేకపోవడం" బంధకం, ఆయన లెక్కలో అదే విడుదల. దేవుడు అబద్ధమాడలేడు, అయినా ఆయన కన్నా స్వతంత్రుడు లేడు కదా.

మీరున్నది మూడో దశలో. పాపం చేయకుండా ఉండటం సాధ్యమవుతుంది అన్నాడు, ఇక పడనే పడరు అనలేదు. మళ్లీ పడటం రక్షణ లేదనడానికి రుజువు కాదు. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్న వచనం రోమా 7లోనే ఉంది. ఏడవకుండా, దాచకుండా, హాయిగా ఆడుతుంటే అప్పుడు భయపడాలి.

ఒట్టు ఎందుకు నిలవడం లేదంటే, ఒట్టు మీ గట్టితనం మీద నిలబడుతుంది. ఆ గట్టితనాన్నే ఆ అలవాటు తినేసింది. "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలు" అని ప్రసంగి 5:5, ఐదో ఒట్టు పెట్టుకోకండి. దానికి బదులు తీతుకు 2:11, 12 చూడండి. దేవుని కృప మనకు "బోధించుచున్నది" అని అక్కడ. ఆ గ్రీకు మాట చిన్నపిల్లలను తీర్చిదిద్దడానికి వాడేది. పలక మీద అక్షరాలు దిద్దించేటప్పుడు పెద్దవాళ్లు పిల్లాడి చెయ్యి పట్టుకుని ఓనమాలు తిప్పిస్తారు. వంకర పోతే తుడిచి మళ్లీ. చెయ్యి పట్టుకున్నారని ఆ పిల్లాడి స్వేచ్ఛ పోయిందని ఎవరైనా అంటారా? ఎవరూ పట్టుకోనివాడు పలక మీద ఏ గీతైనా గీయగలడు, "అ" మాత్రం రాయలేడు.

ఈ వారంలో చేయాల్సినవి. ఒకే కాగితం మీద అన్ని అప్పులూ రాయండి: ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు. ఆ కాగితం ఇంట్లో ఒకరికి, సంఘంలో ఒకరికి చూపించండి. ఇదే అన్నిటికన్నా కష్టమైన మెట్టు, చాలామంది "సగం అప్పు" చెప్పి ఇక్కడే జారతారు. దాచిన సగాన్ని తీర్చడానికే మళ్లీ ఆడతారు. ఇంటి నుంచి వచ్చే డబ్బు మీ ఖాతాలో పడకుండా హాస్టలుకూ ఇన్‌స్టిట్యూట్‌కూ నేరుగా కట్టించండి. యూపీఐ పరిమితి రోజు ఖర్చు మేరకు తగ్గించండి. యాప్ తీసేస్తే చాలదు, ఖాతానే మూయాలి, టిప్పులిచ్చే టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రావాలి. పోయింది రాబట్టుకుందామని ఒక్క ఆట ఆడకండి, 1,40,000లో ఎక్కువ భాగం అలా పోయిందే అయ్యుంటుంది. ఐపీఎల్ రాత్రుల్లో ఫోన్ రూమ్మేట్ దగ్గర పెట్టండి. మళ్లీ పడితే 24 గంటల్లోపు ఆ ఒక్కరికి చెప్పండి, వచ్చే ఉపవాస కూడిక దాకా ఆగొద్దు.

తెలంగాణలో డబ్బులు పెట్టి ఆన్‌లైన్లో ఆడటం 2017 నుంచి చట్టవిరుద్ధం, ఆ యాప్ మీకు న్యాయం చేస్తుందని ఆశ పెట్టుకోకండి. లోన్ యాప్‌వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇది పాపమా, జబ్బా అని మా మధ్యే వాదన జరిగింది. ఈ దశలో రెండూ అనే తేల్చుకున్నాం. ప్రార్థన ఉంది కదా అని డాక్టరును మానకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ చూస్తారు. మన ఊళ్లో "ఎర్రగడ్డ" అనేది తిట్టుగా మారింది, ఆ తిట్టుకు భయపడి ఆగినవాళ్లు ఎందరో. చావు ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ నంబరుకు వెంటనే ఫోన్ చేయండి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: కూకట్‌పల్లి. మా తాతల పాపం వల్ల ఇంట్లో పెళ్లిళ్లు కుదరడం లేదని, 21 రోజుల ప్రార్థన చేసి 11 వేలు కానుక ఇస్తే శాపం తెగుతుందని ఒక ప్రార్థనాపరుడు అంటున్నాడు. ఇవ్వాలా?

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. "తండ్రి యొక్క దోషశిక్షను కుమారుడు మోయుట లేదు" అని యెహెజ్కేలు 18:20. ఆదాము నుంచి వచ్చిన పాప స్వభావం వేరే సంగతి. అది అందరికీ ఉన్నదే, మీ తాతల ప్రత్యేకత కాదు, దాన్ని ఎవరూ నూనె రాసి తీసేయలేరు. దేవుని వరాన్ని ద్రవ్యమిచ్చి కొనాలనుకున్న సీమోనుకు పేతురు ఏం చెప్పాడో అపొస్తలుల కార్యములు 8:20లో చదివి, ఆ వచనం నంబరు ప్రార్థనాపరుడికి పంపండి. పెళ్లిళ్లు కుదరకపోవడానికి కట్నం దగ్గర పట్టుదలో, కులం చూడటమో కారణమేమో అది మీకే తెలియాలి.

ప్రశ్న: బోరబండ. మా ఆయన తాగి కొడతాడు. రెండుసార్లు కుట్లు పడ్డాయి. సంఘ పెద్దలు "డెబ్బది ఏళ్ల మారులు క్షమించమన్నాడు కదమ్మా, డెబ్బై ఏళ్లు ఓర్చుకోవాలి" అంటున్నారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. క్షమించకపోతే నాకు క్షమాపణ ఉండదా?

జవాబు: అక్కా, ముందు ఆ తెలుగు సరిచేద్దాం. మత్తయి 18:22లో "ఏళ్ల" అంటే సంవత్సరాలు కాదు, ఏడులు. డెబ్బై సార్లు ఏడు అని. మీ పెద్దలు వయసు లెక్క వేశారు.

రెండోది, ఆ వచనానికి ముందు అదే అధ్యాయంలో 15 నుంచి 17 దాకా ఏముందో వాళ్లు చదవలేదు. తప్పు చేసినవాడికి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు, సంఘం మాటా వినకపోతే వాడిని బయటివాడిగా ఎంచు. కొట్టే మనిషి విషయంలో మొదటి మెట్టు ఒంటరిగా ఎక్కొద్దు, ప్రమాదం. మిగతా మెట్లు సంఘం ఎక్కాలి. మీ పెద్దలు అతన్ని ఇంతవరకు ఏమన్నారు? ఎప్పుడైనా ప్రభు భోజనపు బల్లకు దూరంగా ఉంచారా? ఓర్పు పాఠం మీ ఒక్కరికే చెబుతున్నారంటే వాళ్లు అధ్యాయాన్ని సగం నుంచి మొదలుపెట్టారు.

తర్వాత వచ్చే ఉపమానంలో రాజు ఒక దాసుడికి కొట్టేసిన పదివేల తలాంతుల బాకీ, ఆ దాసుడు తోటివాడికి కొట్టేయని నూరు దేనారాల బాకీ ఉన్నాయి. దేనారం ఒక రోజు కూలి, తలాంతుకు సుమారు 6,000 దేనారాలు. మొదటిది 6 కోట్ల రోజుల కూలి, రెండోది నూరు రోజులది. దేవుడు మనకు కొట్టేసినది అంత పెద్దది, అందుకే మనమూ క్షమించాలి, నిజమే. కానీ నూరు రోజుల కూలి చిల్లర కాదు. మీకు జరిగింది చిన్నదని యేసు అనలేదు.

క్షమించడమంటే పగ తీర్చుకునే హక్కును దేవుడి చేతికి వదిలేయడం. అది ఇల్లు వదిలి దూరంగా ఉండి కూడా చేయొచ్చు, సంవత్సరాలు పట్టొచ్చు, పొద్దున క్షమించి రాత్రి మళ్లీ కోపం రావచ్చు. మళ్లీ కలిసి బతకడం వేరే విషయం, దానికి ఇద్దరూ కావాలి. అతని మారుమనస్సుకు ఫలాలు కనబడాలి: కొట్టానని సాకుల్లేకుండా నలుగురి ముందు ఒప్పుకోవాలి, తాగుడుకు చికిత్సలో చేరాలి, మీరు దూరంగా ఉన్నన్నాళ్లూ పిల్లల ఖర్చు ఇవ్వాలి, "ఇంకా ఎప్పుడు వస్తావ్" అని ఒత్తిడి పెట్టకూడదు. కన్నీళ్లు పెట్టుకుని మోకరించడాన్ని ఫలంగా లెక్కించకండి. కేసు పెట్టడం క్షమించకపోవడం కాదు. అధికారి కీడు చేయువానికి భయం కలిగించే దేవుని సేవకుడని రోమా 13లో ఉంది.

కొడుతున్నప్పుడు అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. సలహాకు, ఆశ్రయానికి మహిళల హెల్ప్‌లైన్ 181, రాత్రయినా పలుకుతారు. నగరంలో పోలీసుల భరోసా కేంద్రం ఉంది, అక్కడ కౌన్సెలింగూ న్యాయసలహా ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు కూడా అడగొచ్చు. అర్జీ వేశాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలి. ఆసుపత్రిలో ఈసారి మెట్లమీద పడ్డానని చెప్పకండి. ఎవరు కొట్టారో చెప్పి చీటీలో రాయించండి, పాత కుట్ల చీటీలు ఉంటే తీసి పెట్టుకోండి. మీ ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకం, కొంచెం డబ్బు ఒక సంచిలో పెట్టి, ఆ సంచి మీ ఇంట్లో కాకుండా నమ్మకమైనవాళ్ల ఇంట్లో ఉంచండి.